మాస్టర్‌ప్లాన్‌లో మేస్త్రి మాట

ఇరవై, పాతికేళ్ల తర్వాత విజయవాడ ఎలా ఉండాలో ఒక పటం నిర్ణయిస్తుంది. అది ఖాయమయ్యేలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చని చట్టం అంటోంది. స్థలం తమ పేరున లేనివాళ్ల దాకా ఆ కబురు వెళుతోందా? ఆటోనగర్ షెడ్ల నుంచి డెల్టా పొలాల దాకా ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే.

నగర ప్రణాళిక పటంలో ఇళ్లున్న చోట పసుపు, దుకాణాలున్న చోట నీలం, పరిశ్రమలున్న చోట ఊదా రంగు వేయడం ఆనవాయితీ. విజయవాడకు తూర్పున, బందరు రోడ్డుకూ చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారికీ నడుమ ఉన్న జవహర్ ఆటోనగర్ అలాంటి ఒక ఊదా ముక్క. పటంలో అంతా ఒకటే రంగు. గేటు దాటి లోపలికి అడుగుపెడితే సందుకో విద్య.

ఇంజనూ చక్రాలూ తప్ప ఇంకేమీ లేని ఛాసిస్ ఇక్కడికొస్తుంది. వడ్రంగులూ వెల్డర్లూ కలిసి క్యాబిన్, తొట్టి కడతారు. టింకరింగ్ వాళ్లు రేకు నునుపు చేస్తారు. కరెంటు మేస్త్రి లైట్లకూ హారన్‌కూ వైర్లు లాగుతాడు. సీట్లు కుట్టేవాళ్లు, రంగులేసేవాళ్లు, పేర్లూ బొమ్మలూ రాసే ఆర్టిస్టులు వరసగా తలో చెయ్యి వేస్తారు. చివరికి లారీ అయి రోడ్డెక్కుతుంది. దారిలో చెడి వచ్చిన బండిది ఇంకో కథ. ఇంజను దింపి విప్పగానే బ్లాకు బోరింగుకు వెళుతుంది, క్రాంకు గ్రైండింగుకు వెళుతుంది. విరిగిన కమాన్ కట్ట ఒక సందుకు, కారుతున్న రేడియేటరు మరో సందుకు. కొత్త సామాను దొరక్కపోతే పాత సామాన్ల కొట్లో వెతుకుతారు. అక్కడా లేకపోతే లేత్ మీద తిప్పించి చేయిస్తారు. వీటన్నిటి మధ్యా తిరిగేది ఒక హెల్పరు కుర్రాడు, ఒక మోపెడ్.

ఈ దగ్గరితనమే ఆటోనగర్ ఆస్తి. ఏ ఒక్క షెడ్డూ పూర్తి కర్మాగారం కాదు. అన్నీ కలిస్తేనే కర్మాగారం. లేత్ పనివాడు కదిలిపోతే మెకానిక్కు పని ఆగుతుంది, మెకానిక్కు కదిలితే సామాన్ల కొట్టు మూతపడుతుంది, బండ్లు రాకపోతే వీళ్లందరికీ అన్నం వండిపెట్టే మెస్సు నడవదు. భూవినియోగ పటం ఈ సంబంధాలను చూపించదు. దానికి తెలిసింది విస్తీర్ణం, సరిహద్దు, రోడ్డు వెడల్పు. మిగతాది తెలిసినవాళ్లు షెడ్లలో ఉన్నారు. వాళ్లను అడిగి తెలుసుకునే పనికే ప్రజాభిప్రాయ సేకరణ అని పేరు.

ఊరే దాని దగ్గరకొచ్చింది

బెజవాడ బండ్ల ఊరు కావడం వెనుక నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారి డెల్టా పండింది. పంటను మోయడానికి ముందు పడవలు, తర్వాత రైళ్లు, ఆ తర్వాత లారీలు వచ్చాయి. 1888లో మునిసిపాలిటీ అయిన ఊరు పెద్ద రైల్వే జంక్షన్‌గా ఎదిగింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కృష్ణ దాటే రోడ్డూ పటిష్ఠమైంది. చెన్నై–కోల్‌కతా రహదారీ, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం పోయే రహదారీ బెంజి సర్కిల్ దగ్గర కలుస్తాయి. ధాన్యం, మామిడి, పొగాకు, సిమెంటు, ఇసుక ఏది కదలాలన్నా లారీ కావాలి. లారీ నడవాలంటే మెకానిక్కు కావాలి.

ఆ మెకానిక్కులందరికీ ఊరి వెలుపల ఒక చోటు చూపించాలన్న ఆలోచన నుంచి సుమారు ఆరు దశాబ్దాల కిందట ఆటోనగర్ పుట్టింది. అప్పటికి అది ఊరి అంచు. చప్పుడు, పొగ, చమురు మరకలు జనావాసాలకు దూరంగా ఉండాలి, పనివాడికి నిలకడైన చోటు ఉండాలి అన్న రెండు అవసరాలనూ ఆ ఒక్క నిర్ణయం తీర్చింది. తర్వాత గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మొదలుకొని ఎన్నో తెలుగు పట్టణాల్లో ఆటోనగర్లు వెలిశాయి. మంచి ప్రణాళిక ఎంతకాలం అన్నం పెడుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

1981లో విజయవాడ నగరపాలక సంస్థ అయింది. 2011 జనగణన నాటికి జనాభా పది లక్షలు దాటింది. పటమట నిండింది, కానూరు, తాడిగడప, పోరంకి ఊళ్లు కలిసిపోయాయి. అంచున ఉన్న ఆటోనగర్ నడిబొడ్డుకు చేరింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, కాలేజీలు, ఆసుపత్రులు, షోరూములు వచ్చాయి. ఒకప్పుడు చప్పుడుకు దూరంగా ఉన్నవాళ్లు ఇప్పుడు గోడ అవతలే ఉన్నారు. గజం ధర పెరిగేకొద్దీ, ఇంత విలువైన చోట ఇంకా షెడ్లెందుకు అనే మాటా వినిపిస్తూ వచ్చింది. నగరాల లోపలికి వచ్చేసిన ఆటోనగర్ల స్థలాలను వేరే వినియోగానికి మార్చుకోవచ్చంటూ కొన్నేళ్ల కిందట ప్రభుత్వ విధానం ఒకటి వచ్చినప్పుడు ఇక్కడ పెద్ద కలవరం రేగింది. స్థల యజమానులు తమ భయాలు తాము చెప్పారు. అద్దె షెడ్డులో పనిచేసే మేస్త్రి తన భయం ఎక్కడ చెప్పుకోవాలో ఎవరూ చెప్పలేదు.

రాబోయే పాతికేళ్లు

ఆటోనగర్ చుట్టూ ఇప్పుడు ఒకేసారి చాలా కదులుతున్నాయి. చిన్నఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ చేరే పశ్చిమ బైపాస్ దూరప్రాంతపు లారీలను ఊళ్లోకి రానివ్వకుండా తప్పిస్తుంది. అమరావతి చుట్టూ దాదాపు 190 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు తలపెట్టారు. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి ఒక దారి గన్నవరానికి, ఒక దారి బందరు రోడ్డు మీదుగా పెనమలూరుకు, మొత్తం 38.4 కిలోమీటర్ల మెట్రో మొదటి దశ ప్రతిపాదన ఉంది. అందులో రెండో దారి ఆటోనగర్ పక్క నుంచే పోతుంది.

ఇక బండి స్వరూపమే మారుతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్–6 ఇంజన్లు తప్పనిసరి అయ్యాక సుత్తీ స్పానరుతో పాటు కంప్యూటరూ పట్టుకోవాల్సి వచ్చింది. బస్సు, లారీ బాడీలకు జాతీయ ప్రమాణాలు వచ్చాయి. 2021లో పాత వాహనాల తుక్కు విధానం వచ్చింది. 2025 మార్చిలో పక్కనే ఉన్న కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం ప్రారంభమైంది. ఎలక్ట్రిక్ బండ్లు పెరిగితే బోరింగు, పంపు, రేడియేటరు పనులు తగ్గుతాయి. బ్యాటరీ, మోటారు పనులు పెరుగుతాయి.

ఈ రోజు హెల్పరుగా చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ప్రణాళిక గడువు ముగిసేసరికి నలభై దాటుతాయి. అతని పని జీవితమంతా ఆ పటం నీడలో గడుస్తుంది. అతనికి అందులో ఏం కావాలి? బైపాస్ మీద ఆగే లారీకి సేవ అందించాలంటే రింగ్ రోడ్డు కూడలి దగ్గర చిన్న షెడ్లకు చోటు కావాలి. కొత్త బండి నేర్చుకోవడానికి నడిచి వెళ్లే దూరంలో శిక్షణ కేంద్రం కావాలి. వాడేసిన ఇంజన్ ఆయిలు డ్రైనేజీలో కలవకుండా సేకరించే ఏర్పాటు కావాలి. మెట్రో స్టేషను దిగి షెడ్డుకు వెళ్లే దారిలో కాలిబాట, వీధి దీపం, మరుగుదొడ్డి కావాలి. అద్దెకు ఉండటానికి గది కావాలి. ఇవన్నీ భూమితో ముడిపడిన కోరికలే, ప్రణాళికలో ముందుగా చోటు కేటాయిస్తే తీరేవే. ఆలస్యమైతే తర్వాత ఎన్ని కోట్లు పెట్టినా చోటు పుట్టదు.

ఎవరైనా చెప్పవచ్చు అంటున్న చట్టం

చట్టం ఈ విషయంలో ఉదారంగానే ఉంది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 1978లో విజయవాడ–గుంటూరు–తెనాలి–మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ప్రణాళికను ముందు ముసాయిదాగా ప్రచురించాలి, జనం చూసే వీలు కల్పించాలి, అభ్యంతరాలూ సలహాలూ ఆహ్వానించాలి, వాటిని పరిశీలించాకే ఖాయం చేయాలి అని ఆ చట్టం చెప్పింది. అభ్యంతరం చెప్పడానికి స్థలం ఉండాలని అనలేదు. 2014 డిసెంబరులో వచ్చిన సీఆర్‌డీఏ చట్టంతో ఆ సంస్థ స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. ముసాయిదా, అభ్యంతరాలు, తుది ప్రకటన అనే మెట్లు కొనసాగాయి.

వీటికి పైన రాజ్యాంగం ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పట్టణ ప్రణాళికను మునిసిపాలిటీలకు అప్పగించదగిన విధుల జాబితాలో మొట్టమొదట చేర్చింది. మూడు లక్షలు పైబడిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. పది లక్షలు పైబడిన మహానగర ప్రాంతానికి ప్రణాళికా కమిటీ ఉండాలనీ, అందులో కనీసం మూడింట రెండు వంతుల మందిని స్థానిక ప్రజాప్రతినిధులే తమలోంచి ఎన్నుకోవాలనీ చెప్పింది. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. జనాన్ని ప్రభావితం చేసే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ అడగకుండానే ప్రచురించాలంది.

ఇన్ని ఉన్నా మేస్త్రి దాకా మాట రాకపోవడానికి కారణాలు ఆచరణలో ఉన్నాయి. ప్రకటన గెజిట్‌లో వస్తుంది, పత్రికలో చిన్న అక్షరాల్లో వస్తుంది. భూవినియోగ మార్పులకైతే గడువు సాధారణంగా 15 రోజులు. పటం కార్యాలయం గోడ మీదో, వెబ్‌సైట్‌లో పెద్ద ఫైలుగానో ఉంటుంది. దాన్ని చదవడానికి సర్వే నంబరు తెలియాలి. అద్దె షెడ్డు నడిపేవాడికి నంబరు తెలియదు, అది ఓనరు దస్తావేజులో ఉంటుంది. చూడటానికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఎన్నో ఏళ్లు లెనిన్ సెంటర్లో ఉన్న సీఆర్‌డీఏ ప్రధాన కార్యాలయానికి 2025 అక్టోబరులో రాయపూడిలో కొత్త భవనం ప్రారంభమైంది. ఆటోనగర్ నుంచి అది కృష్ణ అవతలి మాట.

పైగా ఎవరికి చెప్పాలన్నదీ తేలిగ్గా తెలియదు. పారిశ్రామిక వాడల్లో పన్నులు, భవన అనుమతులు చూసేది రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఏపీఐఐసీ) కింద ఉన్న స్థానిక ప్రాధికార సంస్థ, ఇక్కడివాళ్ల మాటలో ‘ఐలా’. పక్క వీధి నగరపాలక సంస్థది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, ఆనుకుని ఉన్న తాడిగడప మునిసిపాలిటీ కృష్ణా జిల్లాలో ఉంది. రహదారి జాతీయ రహదారుల సంస్థది, కాలువ జలవనరుల శాఖది, ప్రణాళిక సీఆర్‌డీఏది. వర్షం నీరు షెడ్డులోకి వస్తే ఆ నీటికి ఈ సరిహద్దులేవీ తెలియవు. ఫిర్యాదు చేసేవాడికి మాత్రం అన్నీ అడ్డొస్తాయి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే నాలుగు రోజులైనా ఈ సంస్థలన్నీ ఒకే టేబులు దగ్గర కూర్చోవాలి.

డెల్టా నేర్పిన పాఠం

2015 డిసెంబరులో సీఆర్‌డీఏ ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన రాజధాని ప్రాంతానికి ముసాయిదా ప్రణాళిక ప్రకటించింది. డెల్టా పొలాలు కాంక్రీటు కింద పోకుండా వ్యవసాయ జోన్లు గీశారు. ఉద్దేశం మంచిది. మూడు పంటలు పండే మాగాణిని కాపాడాలన్న ఆలోచనతో ఎవరికి పేచీ ఉంటుంది? అయినా 2016 మొదటి నెలల్లో కృష్ణా, గుంటూరు పల్లెల్లో నిరసనలు చెలరేగాయి. గీతకు ఇవతలి పొలం వెంచరు అవుతుంది, అవతలి పొలం పొలంగానే ఉండిపోతుంది. పిల్ల పెళ్లికో చదువుకో ఎకరం అమ్ముకునే ధీమా పోతుందని రైతు భయపడ్డాడు. అభ్యంతరాలు వెల్లువెత్తాయి, సభలు పెట్టారు, చివరికి ఆంక్షలు సడలించారు.

ప్రభుత్వం వినిపించుకుంది కాబట్టి ఇది విజయమే అనవచ్చు. నా దృష్టిలో ఇది సగం విజయం. గీతలు గీశాక అడిగారు కాబట్టి రైతు ముందు మిగిలింది అవును, కాదు అనే రెండు మాటలే. ముందే కూర్చుని మాట్లాడి ఉంటే అసలు ప్రశ్న బయటికి వచ్చేది: పచ్చదనం ఊరందరి కోసం కాపాడాలంటే, ఆ భారం గీత అవతల పడ్డ రైతు ఒక్కడే ఎందుకు మోయాలి? అతనికి ఊరు ఏమిచ్చి సరిచేయాలి? ఆ చర్చ జరగకుండానే గీతలు సడలాయి. పొలాన్ని కాపాడే మార్గం మళ్లీ వెతుక్కోవాల్సిన పనిగానే మిగిలింది.

ఆ సభల్లో మరో గొంతు చాలా సన్నగా వినిపించింది. కృష్ణా డెల్టాలో దున్నేవాళ్లలో కౌలు రైతులు ఎక్కువ. పొలం ప్లాటుగా మారితే యజమానికి ధర వస్తుంది, కౌలుదారుకు జీవనం పోతుంది. 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చినా అతని గుర్తింపు యజమాని సంతకం చుట్టూనే తిరుగుతోంది. అద్దె షెడ్డు మేస్త్రిదీ కౌలు రైతుదీ ఒకే స్థితి. ఇద్దరూ వేరేవాళ్ల భూమి మీద ఊరిని నడుపుతున్నారు. ప్రణాళిక భూమి గురించి మాట్లాడేది కాబట్టి భూమి పేరున ఉన్నవాడితోనే మాట్లాడటం అలవాటైపోయింది. ఆ అలవాటు మారాలి.

బుడమేరు దారి ఎవరికి తెలుసు?

2024 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు బుడమేరు వాగు పొంగింది. దాని నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. నదే నిండుగా ఉంటే మళ్లించిన నీటిని అది తీసుకోలేదు. చివరికి సైన్యం సాయంతో గండ్లు పూడ్చారు.

బుడమేరు 2005లోనూ ఇదే వైపు ముంచింది. కొల్లేటికి పోయే ఆ వాగు దారి ఏదో, ఎక్కడ మలుపు తిరిగేదో, ఏ ఏట ఏ గడప దాకా వచ్చిందో అక్కడ ముప్పై, నలభై ఏళ్లుగా ఉంటున్న ఆడవాళ్లను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. ఉపగ్రహ చిత్రం నీరు నిలిచిన విస్తీర్ణం చెబుతుంది. నీరు ఏ వైపు నుంచి మొదట వచ్చింది, ఏ కల్వర్టు దగ్గర ఆగింది, ముసలివాళ్లను ఏ మేడ మీదికి ఎక్కించారు, పడవ ఏ సందులోకి తిరగలేకపోయింది అన్నవి మనుషులే చెప్పాలి. ప్రజాభిప్రాయం అంటే ఇష్టాయిష్టాలు మాత్రమే అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. అది సమాచారం. మరే సర్వేలోనూ దొరకనిది. దాన్ని వదిలేసి గీసిన పటం తప్పుతుంది, ఆ తప్పుకు శిక్ష పల్లంలో ఉన్నవాడికి పడుతుంది.

ఆటోనగర్‌లోనూ అంతే. ఏ మలుపులో ట్రైలరు తిరగదో డ్రైవరుకు తెలుసు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ వేసవిలో లేత్‌ల బరువు మోయలేదో మేస్త్రికి తెలుసు. వానాకాలం ఏ రోడ్డు ముందు మునుగుతుందో టీ కొట్టువాడికి తెలుసు.

వినకపోతే ఏమవుతుంది

ముంబయి నగరపాలక సంస్థ 2015 ఫిబ్రవరిలో ఇరవై ఏళ్ల అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా విడుదల చేసింది. ఉన్న కట్టడాలు పటంలో లేవు, లేని రోడ్లు ఉన్నాయి. వారసత్వ భవనాలు జాబితా తప్పాయి. పౌర సంఘాలు వార్డు వార్డుకూ కూర్చుని తప్పులు వెతికాయి. అరవై వేలకు పైగా అభ్యంతరాలు, సలహాలు చేరాయి. ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడణవీస్ దాన్ని మళ్లీ తయారు చేయమని ఆదేశించారు. తుది ప్రణాళిక 2018లో గానీ ఆమోదం పొందలేదు. ముందే అడగకపోవడం వల్ల మిగిలిన కాలమేమీ లేదు, పోయిన కాలమే ఉంది.

మన దగ్గర కామారెడ్డి గుర్తుండే ఉంటుంది. పట్టణ ముసాయిదా మాస్టర్‌ప్లాన్‌లో తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపించారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. పట్టణం బంద్ పాటించింది. ఆ నెలలోనే మునిసిపల్ కౌన్సిల్ ముసాయిదా రద్దు కోరుతూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే గొడవ. పొలం రంగు మారిందని రైతుకు పక్కింటివాడి ద్వారానో వాట్సాప్ ద్వారానో తెలియడం ఎంత ప్రమాదమో ఆ జనవరి చెప్పింది.

అమరావతి అనుభవంలో ఇంకో పాఠం ఉంది. 2020లో సీఆర్‌డీఏ చట్టాన్నే రద్దు చేశారు, 2021 నవంబరులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం మారితే పటం మారుతుందన్న భయం ఉన్నచోట ఎవరూ షెడ్డు మీద కొత్త రేకు కూడా వేయించరు. ప్రణాళిక పాతికేళ్లు నిలబడాలంటే అది జనం తమదనుకునేది కావాలి. తన మాట రాసి ఉన్న కాగితాన్ని మనిషి కాపాడుకుంటాడు. అదే ప్రణాళికకు అసలైన బలం.

షెడ్డు దాకా రావాలంటే

ఆటోనగర్‌లో నిజమైన సంప్రదింపు జరగాలంటే పెద్ద ఖర్చు అక్కర్లేదు, పద్ధతి మారాలి.

మొదట, గీతలు గీసే ముందే రావాలి. ఏమేం మార్చాలన్నది తేలకముందు ‘ఇక్కడ ఏం జరుగుతోంది, ఏం లోటు’ అని అడగాలి. షెడ్డు షెడ్డుకూ తిరిగి యజమాని, అద్దెదారు, పనివాడు అనే మూడు వరసల్లోనూ పేర్లు రాసుకోవాలి. అభిప్రాయ సేకరణలో అద్దెదారులకూ పనివాళ్లకూ వేరుగా కూర్చునే వీలుండాలి. ఓనరు ఎదుట అద్దె గురించి, మేస్త్రి ఎదుట కూలి గురించి హెల్పరు నోరు విప్పలేడు.

పటం తెలుగులో ఉండాలి. సర్వే నంబరుతో పాటు జనం పిలుచుకునే గుర్తులు ఉండాలి: గేటు, గుడి, వంద అడుగుల రోడ్డు, బస్ టెర్మినల్, నీళ్ల ట్యాంకు. దాన్ని నాలుగు కూడళ్లలో ఫ్లెక్సీ మీద నిలబెట్టి, పక్కన ఒక ఉద్యోగిని కూర్చోబెడితే చాలు. సభ పెట్టేది పని లేని వేళ కావాలి. ఆదివారం పొద్దునో, షెడ్లు మూశాక సాయంత్రమో. పదకొండు గంటలకు కల్యాణ మండపంలో పెట్టే సభకు పనివాడు రాడు. మెస్సుల్లో అన్నం వండిపెట్టే ఆడవాళ్లు, సామాన్ల కొట్లలో లెక్కలు రాసే అమ్మాయిలు, సీట్లు కుట్టే ఇళ్లవాళ్లు అసలే రారు. వాళ్లున్న చోటికి వెళ్లాలి.

నోటిమాటను కాగితం మీద పెట్టే బాధ్యత కార్యాలయానిదే కావాలి. రాయలేనివాడి అభ్యంతరం కూడా అభ్యంతరమే. చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, నంబరు వేసి రసీదు ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది జవాబు. వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ, దాని మీద తీసుకున్న నిర్ణయాన్నీ, ఆ నిర్ణయానికి కారణాన్నీ వరసగా ప్రచురించాలి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. అడిగి ఊరుకుంటే జనం రెండోసారి రారు. జవాబు వచ్చిన ఊళ్లో మూడోసారి కూడా వస్తారు. ఒప్పుకోని జవాబైనా మనిషిని లెక్కలోకి తీసుకున్నట్టే.

ఇదంతా ఆలస్యం అనేవాళ్లున్నారు. అభివృద్ధికి అడ్డం పడతారనే మాటా ఉంది. ముంబయిలో మూడేళ్లు, కామారెడ్డిలో ఒక ప్రాణం పోయాక ఆలస్యం అనే మాటకు విలువ లేదు. ఇంకో అభ్యంతరం బలమైనది: షెడ్లలో ఉన్నవాళ్లు తమ షెడ్డు గురించే మాట్లాడతారు, ఊరంతటి మేలు ఎవరు చూస్తారు? నిజమే, పక్కింటివాడికి పొగ వద్దు, మేస్త్రికి పని కావాలి. ఈ ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడే మధ్యదారి దొరుకుతుంది. రంగులేసే షెడ్లకు గాలి వడపోత, రాత్రి చప్పుడుకు వేళలు, బాడీ బిల్డింగుకు కొత్త చోటు, చిన్న మరమ్మతుకు ఉన్న చోటే, ఇలా ఒక్కో పనికీ ఒక్కో పరిష్కారం వస్తుంది. విడివిడిగా అర్జీలు తీసుకుంటే ఎవరి పలుకుబడి ఎక్కువైతే వారి గీత గెలుస్తుంది.

జనం వైపు నుంచి కూడా ఒక పని ఉంది. మనకు ప్రణాళిక గుర్తొచ్చేది ఇంటికి ప్లాను పెట్టుకునేటప్పుడో, రోడ్డు వెడల్పులో గోడ పోయేటప్పుడో. అప్పటికి పటం ఖాయమై ఏళ్లు గడిచి ఉంటాయి. యూనియన్లు కూలి రేట్ల గురించి, లారీ ఓనర్ల సంఘాలు డీజిల్ గురించి, వ్యాపార సంఘాలు పన్నుల గురించి గట్టిగా మాట్లాడతాయి. అదే గట్టితనంతో ముసాయిదా పటాన్ని యూనియన్ ఆఫీసు బల్ల మీద పరిచి చదవాలి. ఇంజను చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగల మనిషికి పటం చదవడం రాని విద్య కాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని మొదటిసారి చూపించాలి, అంతే.

విజయవాడకు ముందు ముందు కొత్త ముసాయిదాలు వస్తాయి. రింగ్ రోడ్డుకూ, మెట్రోకూ, పెరుగుతున్న ఊరికీ అవి తప్పవు. వచ్చే ముసాయిదా మొదటి పేజీలో ‘ఆటోనగర్‌లో ఎంతమంది అద్దెదారులను, ఎంతమంది పనివాళ్లను కలిశాం, వాళ్లు ఏం చెప్పారు, ఏం మార్చాం’ అన్న నాలుగు వరసలు ఉండాలని ఇప్పుడే, ముసాయిదా రాకముందే, నగరపాలక సంస్థనూ సీఆర్‌డీఏనూ ఏపీఐఐసీనీ అడగాలి. ఆ నాలుగు వరసలు లేని పటాన్ని అసంపూర్తి పటంగానే లెక్కగట్టి వెనక్కి పంపాలి.

అభ్యంతరం రాసేటప్పుడు

• ప్రకటన తేదీ, చివరి తేదీ రాసిపెట్టుకోండి. గడువు దాటితే మంచి మాటకూ బలం తగ్గుతుంది.

• గ్రామం లేదా డివిజను, సర్వే నంబరు లేదా డోరు నంబరు, పటం షీటు నంబరు మొదటి వరసలోనే ఉండాలి. సర్వే నంబరు తెలియకపోతే దగ్గరి గుర్తు రాసి, చేత్తో గీసిన చిన్న పటం జతచేయండి.

• మీరెవరో చెప్పండి: యజమాని, అద్దెదారు, పనివాడు, పక్క నివాసి. స్థలం మీ పేరున లేకపోయినా మీకు చెప్పే హక్కు ఉంది.

• ఏది మార్చాలో, ఎందుకో, బదులుగా ఏం కావాలో విడివిడిగా రాయండి. ‘వద్దు’ అన్నదానికంటే ‘ఇలా చేయండి’ అన్నది నిలబడుతుంది.

• అద్దె కాగితం, కరెంటు బిల్లు, లైసెన్సు, వరద నాటి ఫొటో, ఏది ఉంటే అది జతచేయండి.

• సంఘం తరఫున ఒకటి ఇవ్వండి, మనిషికొకటి కూడా ఇవ్వండి.

• రసీదు తీసుకోకుండా కదలకండి. తుది ప్రణాళిక వచ్చాక మీ అభ్యంతరం మీద ఏం నిర్ణయించారో, ఏ కారణంతోనో సమాచార హక్కు కింద అడగండి.